లేబుల్ తీసేశాక నాలుక చెప్పేది

చింతపండు చారులోని పులుపుకూ రెడ్ వైన్‌లోని పులుపుకూ మూలం ఒకే ఆమ్లం. దాని పేరు టార్టారిక్ ఆమ్లం. నిమ్మలో, నారింజలో ఉండేది సిట్రిక్ ఆమ్లం, ఆపిల్‌లో ఉండేది మాలిక్ ఆమ్లం. టార్టారిక్ ఆమ్లాన్ని దండిగా నిల్వ చేసుకునే పండ్లు బాగా తక్కువ. మనకు రోజూ తెలిసినవాటిలో ద్రాక్ష ఒకటి, చింత ఒకటి. చింతగుజ్జు బరువులో పదో వంతుకు అటూఇటూగా ఈ ఆమ్లమే ఉంటుంది. 1769లో స్వీడన్ రసాయనవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే దీన్ని వేరుచేసింది వైన్ పీపాల లోపల పేరుకునే గట్టి గసి నుంచి. 1848లో లూయీ పాశ్చర్ ఈ కుటుంబపు లవణాల స్ఫటికాలను పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి, కుడివాటంవి ఒక కుప్ప, ఎడమవాటంవి ఒక కుప్ప పోశాడు. అణువులకూ కుడి ఎడమలు ఉంటాయని లోకానికి తెలిసింది అలాగే. జీడిమెట్ల నుంచి జీనోమ్ వ్యాలీ దాకా మన మందుల ల్యాబుల్లో రోజూ జరిగే పనికి పునాది అక్కడ పడింది.

పులుపు సరే, వగరు? నేరేడు పండు తిన్నాక నాలుక గరుకెక్కుతుంది, బుగ్గల లోపలి చర్మం దగ్గరకు లాగినట్టవుతుంది. లేత వక్క నమిలినా అంతే. రెడ్ వైన్‌లో అన్నిటికంటే ముందు పట్టుబడేది ఈ వగరే. షడ్రుచుల్లో దానికి చోటిచ్చిన మనకు దాన్ని గుర్తుపట్టడం ఒకరు నేర్పనక్కర్లేదు. షిరాజ్ రకం ద్రాక్షలో వచ్చే మిరియం వాసనా అంతే, మన పోపుల డబ్బాలోదే. ఏళ్ల తరబడి చారు తాగిన నోటికి రెడ్ వైన్ పాఠం సగం ముందే వచ్చు.

అయినా మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో శనివారం సాయంత్రం సీసా తెరిచినప్పుడు మాటలు రుచి మీద నడవవు. ఎంతకు వచ్చింది, ఏ దేశానిది, ఎవరు తెచ్చారు, వీటి మీదే నడుస్తాయి. ఈ అధ్యాయం మన దేశంలోనే తయారై, వెయ్యి రూపాయలకు అటూఇటూగా దొరికే రెడ్ బ్లెండ్ గురించి. అంటే రెండు మూడు రకాల నల్లద్రాక్షల వైన్లను కలిపి నింపిన సీసా. దాన్ని నిజాయితీగా తూచడం ఎలా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన నాలుకా ముక్కూ ఈ పనికి సరిపోతాయి. వాటిని చెడగొట్టేవి కన్నూ, ధరా, హైదరాబాద్ ఎండా. ఈ మూడింటినీ పక్కన పెట్టడానికి పద్ధతులున్నాయి.

తొక్కలో ఉన్న సంగతి

హైదరాబాద్‌కు ద్రాక్ష కొత్త కాదు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ ఇక్కడికి తెచ్చిన అనాబ్-ఎ-షాహి రకం తర్వాతి కాలంలో నగరం చుట్టూ తోటలై పరుచుకుంది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష కోసమే ఒక పరిశోధనా కేంద్రం ఉంది. కానీ అనాబ్-ఎ-షాహి తినే పండు. పెద్ద కాయ, పలచని తొక్క, కొరికితే నోటినిండా రసం. వైన్‌కు కావలసింది దీనికి పూర్తిగా తలకిందులు.

నల్లద్రాక్షను పిండి చూడండి, రసం దాదాపు రంగు లేకుండా వస్తుంది. రంగంతా తొక్కలో ఉంటుంది. వగరు తొక్కలోనూ గింజలోనూ ఉంటుంది. వాసననిచ్చే పదార్థాల్లో చాలా భాగం కూడా తొక్కలోదే. అందుకే రెడ్ వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు. ఇక్కడ చిన్న రేఖాగణితం ఉంది. గోళం వ్యాసం సగమైతే, దాని ఘనపరిమాణంతో పోల్చినప్పుడు ఉపరితలం రెట్టింపవుతుంది. సెంటీమీటరు వ్యాసమున్న కాబెర్నే సావిన్యాన్ అనే వైన్ ద్రాక్ష పండు, రెండు సెంటీమీటర్ల పండు కంటే లీటరు రసానికి రెండింతల తొక్కను ఇస్తుంది. తీపి సంగతీ అంతే. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెరను ఈస్ట్ తింటే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. 13 శాతం రావాలంటే లీటరుకు 220 గ్రాములు ఉండాలి. తినే ద్రాక్షను అంత తీపెక్కే దాకా తీగ మీద ఉంచరు.

కాబట్టి మన సీసా బయటి నుంచి వస్తుంది. ఎక్కువగా నాసిక్ నుంచి. అక్కడ సులా సంస్థను మొదలుపెట్టిన రాజీవ్ సామంత్ అంతకుముందు కాలిఫోర్నియాలో ఒరాకిల్ ఉద్యోగి. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ఐటీ భవనం ప్రారంభమైంది 1998లో, ఆయన తొలి వైన్ బజారుకు వచ్చింది 2000లో. బెంగళూరు దగ్గర నంది కొండల దిగువన కన్వల్ గ్రోవర్ 1988లోనే ఫ్రెంచ్ రకాల తీగలు నాటించారు. కాబెర్నే, షిరాజ్ కలిపిన ఆ తోట వైన్ మన దేశపు రెడ్ బ్లెండ్లలో పాతకాపు. సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి తోటలున్నాయి. తెలుగువారి తోట కూడా ఒకటుంది. హైదరాబాద్‌లో గ్రాన్యూల్స్ మందుల కంపెనీని నడిపే చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కర్ణాటకలో హంపి దగ్గరి కొప్పళ జిల్లాలో క్రస్మా ఎస్టేట్స్ పెట్టారు. అయితే ఆ వైన్ మనం మాట్లాడుకుంటున్న ధరలో దొరకదు.

దక్కన్‌లో ద్రాక్ష సాగు ఐరోపాలో లాంటిది కాదు. అక్కడ చలికాలంలో తీగ నిద్రపోతుంది. ఇక్కడ నిద్ర లేదు, వదిలేస్తే ఏడాది పొడుగునా చిగురుస్తూనే ఉంటుంది. అందుకని రైతు రెండుసార్లు కత్తిరిస్తాడు. ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మ కోసం, వానలు వెనకబడ్డాక సెప్టెంబరు, అక్టోబరులో రెండోసారి కాయ కోసం. కోత జనవరి నుంచి మార్చి మధ్యలో పడుతుంది. పగలు ఎండ, రాత్రి చలి, వాన భయం లేదు. అదును తప్పి ఫిబ్రవరి చివర్లో ఎండ ముదిరితే చక్కెర గబగబా పెరుగుతుంది, మాలిక్ ఆమ్లం కరిగిపోతుంది. అప్పుడు వైన్ తయారీదారు పైనుంచి టార్టారిక్ ఆమ్లం కలిపి పులుపును సరిచేస్తాడు. ఇది కల్తీ కాదు, వేడి దేశాల వైనరీల్లో మామూలుగా ఉన్న పద్ధతే.

మరి కలపడం ఎందుకు? కాబెర్నేకు మందపు తొక్క, వగరు గుణం ఎక్కువ, నోట్లో అంచుల దగ్గర పట్టుకుంటుంది కానీ నడుమ బోసిగా ఉంటుంది. కాస్త ముందుగా కోస్తే పచ్చి క్యాప్సికం వాసన కొడుతుంది. షిరాజ్‌కు రంగు చిక్కన, పండు రుచి నిండుగా ఉంటుంది, కానీ వేడికి పులుపు జారిపోతుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది. వైనరీలో ఒక మనిషి బల్ల మీద కొలజాడీలు పెట్టుకుని డెబ్బై ముప్పై, అరవై నలభై అంటూ కలిపి కలిపి రుచి చూస్తాడు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు పేరుమోసిన రెడ్ వైన్లలో అత్యధికం బ్లెండ్లే. బ్లెండ్ అనగానే నాసిరకం అనుకోవడం తప్పు.

ఓక్ చెక్క విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఖరీదైన వైన్‌ను నెలల తరబడి ఓక్ పీపాలో ఉంచుతారు. చవక వైన్‌కు ఆ ఖర్చు పెట్టలేరు కాబట్టి ఉక్కు ట్యాంకులోనే ఓక్ ముక్కలు వేసి నానబెట్టేవారు చాలామంది. నాకు ఇందులో అభ్యంతరం కనిపించదు. ఓక్ ఇచ్చే వనిలిన్, లవంగంలో ఉండే యూజినాల్ ఎటునుంచి వచ్చినా అవే అణువులు. పీపా గోడల్లోంచి సన్నగా చొరబడే గాలి చేసే పని మాత్రం ముక్కలతో జరగదు. అందుకే చవక వైన్ వగరు కొంచెం మొరటుగా ఉంటుంది. ఆ మేరకు తేడాను ఒప్పుకుని తూచాలి.

ఎండ చేసే పని

నాసిక్ నుంచి హైదరాబాద్‌కు సీసా లారీలో వస్తుంది, గోదాములో ఆగుతుంది, దుకాణం అలమరలో నిలబడుతుంది. మద్యం జీఎస్‌టీలోకి రాదు, ఏ రాష్ట్రపు పన్ను ఆ రాష్ట్రానిదే. ఇక్కడ టోకు వ్యాపారమంతా రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారా నడుస్తుంది. అందుకని సీసా మీది ధరలో వైన్ విలువ ఎంతో, పన్నూ రుసుములూ ఎంతో కొన్నవాడికి తెలియదు. ధరను గుణానికి కొలతగా పెట్టుకోకూడదనడానికి ఇదొక కారణం. దారిలో సీసా ఎంత వేడి భరించిందో ధర అసలే చెప్పదు.

పది డిగ్రీల వేడి పెరిగితే రసాయన చర్యలు సుమారు రెట్టింపు వేగంతో సాగుతాయన్నది పాత లెక్క. మే నెలలో మైండ్‌స్పేస్ పార్కింగ్‌లో ఎండకు నిలిపిన కారు డిక్కీలో సీసా మధ్యాహ్నమంతా ఉంటే, చల్లటి గదిలో చాలా కాలం పట్టే ముసలితనం దానికి త్వరగా వస్తుంది. వైన్ వ్యాకోచించి కార్క్‌ను కొంచెం పైకి నెడుతుంది. తెరిస్తే తాజా నేరేడు బదులు ఉడికించిన ఎండుపండ్ల వాసన వస్తుంది. కార్క్ కంటే స్క్రూ క్యాప్ నాసి అని చాలామంది అనుకుంటారు. మన వాతావరణంలో, ఈ ధరలో, నేను స్క్రూ క్యాప్‌నే కోరుకుంటాను. కార్క్‌తో వచ్చే ఒక దోషం దానితో దాదాపు రాదు, ఆ దోషం గురించి తర్వాత చెప్తాను.

పుస్తకాలు రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగమంటాయి. ఆ గది ఐరోపాలోది, 16 నుంచి 18 డిగ్రీలది. మన గది ఏసీ వేస్తే 25, తీసేస్తే 32. ఆ వేడిలో ఆల్కహాల్ ఆవిరి ముందు ముక్కును కమ్మేసి మిగతా వాసనల్ని తొక్కేస్తుంది. ఐసు వేసిన నీళ్ల బకెట్‌లో పావుగంట, లేదా ఫ్రిజ్‌లో గంట పైచిలుకు ఉంచితే 17 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. మరీ చల్లబరిచినా చెడ్డదే, వాసనలు ముడుచుకుపోతాయి, వగరు పెద్దదైపోతుంది. చవక రెడ్ వైన్ బాగోలేదన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం సీసా కాదు, ఈ వేడి.

కన్ను, ముక్కు, చిగుళ్లు

గ్లాసు వంచి తెల్ల కాగితం మీద చూడండి. లేత వైన్ అంచు ఊదాగా ఉంటుంది, ముదిరిన వైన్ అంచు ఇటుక రంగులోకి తిరుగుతుంది. నిరుడో అటు ముందటేడో కోసిన పండుతో చేసిన వైన్ ఇప్పటికే ఇటుక రంగెక్కితే అది ఎండ దెబ్బ కావచ్చు. గ్లాసు గోడ మీద చారికలుగా జారే చుక్కల్ని చూసి గొప్ప వైన్ అనేవారున్నారు. ఆల్కహాల్ ముందు ఆవిరై, మిగిలిన నీటి తలతన్యత పెరిగి, ద్రవాన్ని పైకి లాగడం వల్ల వచ్చే చుక్కలవి. 1855లోనే జేమ్స్ థామ్సన్ కారణం వివరించాడు, తర్వాత ఆ ప్రభావానికి మారంగోని పేరు నిలిచింది. ఆల్కహాల్ ఉందని తప్ప అవి ఇంకేమీ చెప్పవు.

రంగు మీద ఒక చిన్న ప్రయోగం. రెండు చెంచాల వైన్‌ను తెల్ల గిన్నెలో పోసి చిటికెడు తినేసోడా వేయండి. బుస్సున పొంగుతుంది, ఎరుపు కాస్తా బూడిద కలిసిన నీలంలోకి మారిపోతుంది. తొక్కలోని రంగు పదార్థాలైన ఆంథోసయనిన్లు ఆమ్లంలో ఎరుపు, క్షారంలో నీలం. నేరేడు తొక్కదీ ఇదే జాతి రంగు. వైన్‌లో పులుపు చాలినంత ఉంటేనే ఎరుపు మెరుస్తుంది. కాబట్టి రంగు మెరుపు చూసి పులుపును కొంత ముందే ఊహించవచ్చు.

ఇప్పుడు వాసన. షిరాజ్‌లోని మిరియం వాసనకు కారణమైన అణువును ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2008లో ప్రకటించారు. దాని పేరు రోటుండోన్, నల్ల మిరియంలోనూ ఉన్నది అదే. రెడ్ వైన్‌లో లీటరుకు 16 నానోగ్రాములుంటే మనిషి ముక్కు పట్టేస్తుంది. ఎంత తక్కువో ఊహకు అందాలంటే, మన అపార్ట్‌మెంట్లకు వేసవిలో వచ్చే ఐదు వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు పన్నెండున్నర వేలు తెచ్చి నిలబెట్టి, అన్నిటికీ కలిపి ఒక్క గ్రాము పంచినట్టు. ఇంకో వింత కూడా ఆ పరిశోధనలోనే బయటపడింది. పరీక్షించినవారిలో సుమారు ఐదో వంతు మందికి అది వందల రెట్లు పెంచినా అందలేదు. ఒకే గ్లాసు దగ్గర ఒకరు మిరియం అంటే పక్కనున్నవారు ఏమీ లేదంటున్నారంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ముక్కులోని వాసన గ్రాహకాలు సుమారు నాలుగు వందల రకాలు, వాటి జన్యువులు మనిషికీ మనిషికీ కొద్దిగా తేడాగా ఉంటాయి.

కాబెర్నేలోని క్యాప్సికం వాసన మెథాక్సీపైరజీన్లది. అదీ నానోగ్రాముల లెక్కే. కొంచెమైతే తాజాగా ఉంటుంది, ఎక్కువైతే పండు పచ్చిగా కోశారని అర్థం. చవక బ్లెండ్లో నేను మొదట వెతికేది దీన్నే. ఇక తడిసిన అట్టపెట్టె, బూజు పట్టిన నేలమాళిగ వాసన వస్తే అది టీసీఏ అనే అణువు, ఇందాక కార్క్ దోషమన్నది ఇదే. ఆ సీసా మీద తీర్పు చెప్పకూడదు, పక్కన పెట్టేయాలి. అది ఆ వైన్ తప్పు కాదు.

వాసనలకు పేర్లు పెట్టడంలో మనవాళ్లు అనవసరంగా జంకుతారు. 1984లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్ తయారుచేసిన వాసనల చక్రంలో బ్లాక్‌కరెంట్ లాంటి పండ్లున్నాయి. మన పిల్లలెవరూ కోసి తినని పండు అది. ఆ మాట అరువు తెచ్చుకుని గ్లాసులో వెతికితే దొరకదు. నేరేడు, ఎండు ఖర్జూరం, ముగ్గిన రేగుపండు, లవంగం, బ్యారన్‌లో ఆరిన పొగాకు, కొత్త తోలు చెప్పు, బీట్‌రూట్ అని రాసుకోండి. ఆ జ్ఞాపకాలు మీ ముక్కులో నిజంగా ఉన్నాయి కాబట్టి రెండోసారి అదే వైన్ ఇచ్చినా అదే మాట రాయగలుగుతారు. కొలతకు కావలసింది ఈ నిలకడే.

తర్వాత నోరు. ఒక గుక్క తీసుకుని చిగుళ్లకు, బుగ్గలకు తగిలేలా పుక్కిలించి, తెల్ల గిన్నెలో ఊయండి. దగ్గరగా చూస్తే ఊదారంగు పోగులు తేలుతుంటాయి. అవి మీ లాలాజలంలోని ప్రోటీన్లు. నోటిని జారుడుగా ఉంచే ప్రోలీన్ ఎక్కువున్న ప్రోటీన్లను వైన్‌లోని వగరు పదార్థాలైన టానిన్లు పట్టి ముద్దకట్టించాయి. జారుడు పోయి గరుకు మిగిలింది. అదే వగరు. నాలుక మొగ్గలు గుర్తించే రుచి అనేకంటే స్పర్శ అనడం ఎక్కువ సరైనది. ఇరానీ చాయ్‌లో పాలు డికాక్షన్ వగరును తగ్గించేదీ ఇలాగే, పాలలోని కేసీన్ టీలోని పాలీఫీనాల్స్‌ను పట్టేసుకుంటుంది. వగరు గుక్క గుక్కకూ పేరుకుంటుంది కాబట్టి గ్లాసుకూ గ్లాసుకూ మధ్య నీళ్లు తాగి, ఉప్పు లేని మరమరాలు నాలుగు నమిలి, రెండు నిమిషాలు ఆగాలి. ఆగకపోతే మూడో వైన్ ఏదైనా సరే మొదటిదాని కంటే వగరుగానే తోస్తుంది.

నిపుణుల మీద జరిగిన పరీక్షలు

2001లో బోర్డోలో మోరో, బ్రోషే, దుబూర్దియూ అనే ముగ్గురు పరిశోధకులు ఒక పరీక్ష ఫలితాలు అచ్చువేశారు. వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎరుపు రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. కన్ను చెప్పింది ముక్కు నమ్మింది. 2008లో కాలిఫోర్నియాలో హిల్కే ప్లాస్మన్ బృందం ఇరవై మందిని ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి గొట్టం ద్వారా వైన్ చుక్కలు అందించింది. ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పారు. 90 అన్నప్పుడు బాగుందన్నారు. అంతేకాదు, ఇష్టాన్ని లెక్కగట్టే మెదడు భాగంలో చురుకుదనమూ పెరిగింది. వాళ్లు మొహమాటానికి అన్నమాట కాదది, ధర నిజంగానే అనుభూతిని మార్చేసింది.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది రాబర్ట్ హాడ్జ్‌సన్ పని. స్వయంగా వైన్ తయారుచేసే ఈ గణాంకవేత్త కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల న్యాయనిర్ణేతలకు ముప్పై గ్లాసుల వరసలో ఒకే సీసా నుంచి మూడు గ్లాసులు వాళ్లకు తెలియకుండా పెట్టించాడు. ఆ మూడింటినీ ఒకే పతకం స్థాయిలో ఉంచగలిగినవారు పదిశాతం దగ్గర. అనుభవం దండగ అని దీని అర్థం కాదు. ముప్పై గ్లాసుల తర్వాత ఏ మనిషి నోరైనా అలిసిపోతుందని, తూచే పద్ధతి మనిషి కంటే ముఖ్యమని అర్థం. సాధారణ జనం దగ్గర జరిపిన ఆరు వేలకు పైగా గుడ్డి రుచిపరీక్షల్ని గోల్డ్‌స్టీన్ బృందం 2008లో విశ్లేషిస్తే, ధర తెలియనప్పుడు ఖరీదైన వైన్లకు వచ్చిన మార్కులు ఎక్కువ కాదు, రవ్వంత తక్కువ. వెయ్యి రూపాయల సీసా ముందు కూర్చున్న మనకు ఇది ధైర్యం ఇవ్వాలి.

పద్ధతి ఎలా ఉండాలో చెప్పే శాస్త్రానికి మన గచ్చిబౌలితో దగ్గరి బంధం ఉంది. పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది తాగి చెప్పగలనన్న ఒక శాస్త్రవేత్తను ఎనిమిది కప్పులతో పరీక్షించవలసిన తీరును రొనాల్డ్ ఫిషర్ 1935 నాటి తన పుస్తకంలో వివరించాడు. నాలుగు ఇవీ, నాలుగు అవీ. ఎనిమిదిలోంచి నాలుగింటిని ఎన్నుకునే దారులు 70, కాబట్టి గుడ్డిగా చెబితే అన్నీ సరిపోయే అవకాశం డెబ్బైలో ఒకటి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన తెలుగు గణాంకవేత్త సి.ఆర్. రావు కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసింది ఈ ఫిషర్ దగ్గరే. 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూసిన రావు పేరిట హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఒక సంస్థ నడుస్తోంది, ఆ ముందు రోడ్డుకూ ఆయన పేరే. ఆ రోడ్డు మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్లే ఇంజనీర్లు ఇంట్లో ఈ పరీక్ష చేయడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది.

పరీక్ష ఇది. రెండు సీసాలు తీసుకోండి, ఒకటి వెయ్యి రూపాయల బ్లెండ్, రెండోది దానికి మూడు రెట్ల ధర ఉన్నది. రెంటినీ ఒకే చల్లదనానికి తెచ్చి, కాగితం సంచుల్లో మెడ దాకా చుట్టండి. పోసేవారు తాగకూడదు, తాగేవారి ముఖం చూస్తూ నిలబడకూడదు. ఒక్కొక్కరికి మూడు గ్లాసులు, రెండింటిలో ఒకే వైన్, మూడోదానిలో వేరేది. వరసను పాచిక వేసి నిర్ణయించండి. గ్లాసుకు 30 మిల్లీలీటర్లు చాలు, గ్లాసులన్నీ ఒకే ఆకారంలో ఉండాలి. అడిగేది ఒకటే ప్రశ్న, వేరేది ఏది? ఎవరూ నోరు విప్పకుండా చీటీ మీద రాయాలి. గదిలో మొదట మాట్లాడినవారి అభిప్రాయమే అందరిదీ అయిపోవడం మన ఆఫీసు సమావేశాల్లో రోజూ చూసేదే.

ఊహతో చెప్పినా ముగ్గురిలో ఒకరు సరిగ్గా చెబుతారు. ఆరుగురు కూర్చుంటే, ఎవరికీ ఏ తేడా తెలియకపోయినా నలుగురో అంతకంటే ఎక్కువమందో సరిగ్గా చెప్పే అవకాశం 729లో 73, అంటే పదింట ఒకసారి జరిగేదే. ఐదుగురో ఆరుగురో చెప్పే అవకాశం 729లో 13, రెండు శాతం లోపు. కాబట్టి ఆరుగురిలో ఐదుగురు పట్టుకుంటే తేడా ఉందని నమ్మవచ్చు, నలుగురైతే ఇంకోసారి చేయాలి. తేడా దొరకకపోతే ఆ సాయంత్రపు ఆరుగురికి ఆ రెండు వైన్లూ ఒకటే. అప్పుడు రెండో సీసాకు పెట్టిన అదనపు డబ్బు రుచికి పెట్టింది కాదు.

తేడా ఉందని తేలాకే మార్కుల మాట. నేను దోషం లేకపోవడానికి అన్నిటికంటే ఎక్కువ వెయిటేజీ ఇస్తాను. ఈ ధరలో వైన్ శుభ్రంగా ఉండటమే పెద్ద విజయం. తర్వాత పొందిక చూడాలి. పులుపు, వగరు, ఆల్కహాల్ మంట, పండుదనం, వీటిలో ఏ ఒక్కటీ తక్కినవాటి మీద స్వారీ చేయకూడదు. ఊసేశాక వాసన గొంతులో ఎంతసేపు నిలిచిందో మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి. చవక బ్లెండ్ ఐదారు అంకెల దాకా నిలిస్తే చాలు. మిగిలినదంతా ఇష్టాయిష్టాలు, వాటిని మార్కుల్లో కలపకుండా పక్క గడిలో రాసుకోవడం మంచిది.

ఊసేయమన్నానని తప్పుగా అనుకోవద్దు, వృత్తిగా రుచి చూసేవారందరూ చేసేదే. 13.5 శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో సుమారు 16 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే వర్గీకరించింది. ఎంత తాగితే పూర్తిగా క్షేమమో చెప్పగల హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. రెడ్ వైన్ గుండెకు మందు అన్న పాత ప్రచారంలో రెస్వెరట్రాల్ అనే పదార్థం పేరు వినిపిస్తుంది, అది లీటరుకు కొన్ని మిల్లీగ్రాములే. మందులా వైన్ తాగమని ఎవరైనా అంటే నమ్మకండి. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. రాయదుర్గం దాకా మెట్రో ఉంది, క్యాబ్‌లున్నాయి.

బిర్యానీ పక్కన

రుచి పరీక్ష భోజనానికి ముందే జరగాలి. కారణం మన కారం. మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. డేవిడ్ జూలియస్ బృందం దాన్ని 1997లో గుర్తించింది, ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. ఆ గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల వేడికి స్పందిస్తుంది. ఆల్కహాల్ తగిలితే ఆ హద్దు దాదాపు ఒంటి వేడి దాకా దిగిపోతుంది, అంటే నోటి సహజమైన వెచ్చదనమే మంటగా తోస్తుంది. గుంటూరు కారంతో వండిన కోడి వేపుడు పక్కన 14 శాతం రెడ్ వైన్ పెడితే రెండూ కలిసి ఒకే గ్రాహకాన్ని వాయిస్తాయి, పైగా వగరు గరుకు తోడవుతుంది. అలాంటి వంటకు తక్కువ ఆల్కహాల్, తక్కువ వగరు ఉన్న బ్లెండ్‌ను ఇంకొంచెం చల్లగా ఇవ్వాలి.

మటన్ బిర్యానీ సంగతి వేరు. మాంసపు ప్రోటీన్, కొవ్వు టానిన్లకు పనిచెప్పి లాలాజలాన్ని వదిలిపెట్టిస్తాయి. బిర్యానీలోని లవంగం, ఓక్ నుంచి వచ్చిన యూజినాల్ ఒకే వాసన, మిరియమూ రోటుండోనూ ఒకటే. కాబెర్నే-షిరాజ్ బ్లెండ్‌కు హైదరాబాద్‌లో ఇంతకంటే తగిన జోడీ నాకు తెలియదు. గోంగూర మటన్‌తో మాత్రం జాగ్రత్త. కూర పులుపు వైన్ పులుపును మింగేసి దాన్ని చప్పగా చేస్తుంది. అక్కడ పులుపు ఎక్కువున్న సాంజోవేసే రకం ద్రాక్ష కలిసిన బ్లెండ్ నయం.

సీసాలో మిగిలింది రాత్రే చిన్న సీసాలోకి అంచుదాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. గాలి తగలకపోతే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. తగిలితే ఆల్కహాల్ అసిటాల్డిహైడ్‌గా మారి కోసిపెట్టిన ఆపిల్ వాసన వస్తుంది, బాక్టీరియా చేరితే వెనిగర్ అవుతుంది. రెండో రోజు సాయంత్రం ఆ మిగిలినదాన్నే మళ్లీ చుట్టి, మార్కులిచ్చినవారి ముందు ఏమీ చెప్పకుండా రెండు గ్లాసుల్లో పోయించండి. ఆ రెండింటికీ ఒకే మనిషి ఇచ్చే మార్కుల్లో ఎంత తేడా వస్తుందో, ఆ మనిషి మొదటి రోజు ఇచ్చిన మార్కుల్ని కనీసం అంత అటూఇటూగా చదవాలి.